పడుటయు నేర్వవలసిన విద్యయే: మంచు క్రీడలలో రక్షణ దుస్తులు

పడకుండ నడక నేర్చిన బిడ్డ లోకములో లేడు. తప్పటడుగులు వేయు పసివాడు దినమునకు పదిమార్లు పడును, పదిమార్లు లేచును. ఆ దినములలో తల్లి వంటింటి కత్తిపీటను అటక మీద పెట్టును. గడప ప్రక్కనున్న రోలును దూరముగా జరిపించును. బిడ్డ పడుటను ఆమె ఆపలేదు, ఆపదలచుకొనదు. పడినచోట ప్రాణాపాయము కలుగకుండ మాత్రము చూచుకొనును. ఈ యింటి వివేకమే వేలమైళ్ళ దూరమున, మంచుకొండలపై గాలిలో పల్టీలు కొట్టు క్రీడాకారుల దుస్తులలోను దాగియున్నది. ఆ సంగతిని మన పాఠశాల తల్లిదండ్రులకు విన్నవించుటకే మేము ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మంచు నెరుగని మనకు మంచుక్రీడల ప్రసంగ మేల యని కొందరు అడుగవచ్చును. కారణములు మూడు కలవు. తరతరములుగా ఈ ప్రాంతమున స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో కొన్నింటి బిడ్డలు నేడు అమెరికాలోను, కెనడాలోను నివసించుచున్నారు. అచ్చటి మనుమలు శీతకాలపు సెలవులలో తోటి బాలురతో మంచుకొండలకు పోవుచున్నారు. రెండవది, మన దేశమునందే కాశ్మీరములోని గుల్మార్గునందును, ఉత్తరాఖండములోని ఔలీయందును ఈ క్రీడలు నేర్పు స్థలములు కలవు. 2020లో గుల్మార్గునందు ఖేలో ఇండియా శీతకాల క్రీడలు మొదటిసారిగా జరిగినవి. మూడవది ముఖ్యమైనది. దెబ్బనుండి దేహమును కాపాడు సూత్రము మంచునకు ఒకటి, మన వీధికి వేరొకటి కాదు.

ముందుగా ఈ క్రీడల స్వరూపమును చెప్పెదము. రెండు కాళ్ళకు రెండు సన్నని పొడవైన పలకలు కట్టుకొని వాలుపై జారుట స్కీయింగు. రెండు పాదములను ఒకే వెడల్పు పలకపై అడ్డముగా బిగించుకొని జారుట స్నోబోర్డింగు. 1965లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున షెర్మన్ పాపెన్ అను నతడు తన కుమార్తెల వినోదమునకై రెండు స్కీలను జోడించి చేసిన ఆటవస్తువు ఈ పలకకు పూర్వరూపము. వేగముగా దిగుటతో తృప్తిపడక, గాలిలోనికి ఎగిరి, తిరిగి, పల్టీకొట్టి దిగు విద్యను ఫ్రీస్టైల్ అందురు. 1992లో మంచుదిబ్బలపై జారు మోగల్స్ పోటీయు, 1994లో గాలిలో పల్టీలుకొట్టు ఏరియల్స్ పోటీయు ఒలింపిక్ పతకములు గల పోటీలైనవి. స్నోబోర్డింగు 1998లో జపానులోని నగానో ఒలింపిక్సున ప్రవేశించినది.

వీనిలో హాఫ్‌పైప్ అనునది గొట్టమును నిలువున సగమునకు చీల్చినట్లుండు మంచుకాలువ. పెద్ద పోటీలలో దాని గోడల ఎత్తు 22 అడుగులు, అనగా రెండంతస్తుల మేడయంత. క్రీడాకారుడు ఆ గోడ అంచునకు పైగా ఇంకను ఎగురును. మంచు మెత్తని దూది వంటిదని మనము తలంతుము. కాని యంత్రములతో చెక్కి, రాత్రి చలికి గడ్డకట్టిన ఆ గోడ సిమెంటు గచ్చుకు తీసిపోదు. ఎంతటి నేర్పరియైనను అభ్యాసకాలమున పడక తప్పదు. పడుట ఈ విద్యలో అపజయము కాదు, పాఠములో ఒక భాగము.

ఇక దెబ్బ యన నేమి? గాజులమ్మువాడు పెట్టెలో గాజుల నడుమ ఎండుగడ్డియు, కాగితములును కూరును. పెట్టె జారిపడినను గాజులు పగులవు. గడ్డి చేయునదేమి? పడుచున్న గాజును ఒక్కమారుగా ఆగనీయక, నలుగుచు నలుగుచు మెల్లగా ఆపును. క్రికెట్టు ఆటగాడు వేగముగా వచ్చు బంతిని పట్టునపుడు చేతులను వెనుకకు లాగుకొనుటయు ఇందుకే. లెక్కగా చెప్పవలెనన్న, పడిన ఎత్తును ఆగుటకు పట్టిన దూరముతో భాగింపుడు. తల మీటరున్నర ఎత్తునుండి గట్టినేలపై పడి 5 మిల్లీమీటర్లలో ఆగినచో, ఆ క్షణమున దానిపై సగటున తన బరువుకు 300 రెట్ల బలము పడును. అదే తల 15 మిల్లీమీటర్లలో ఆగినచో 100 రెట్లు మాత్రమే పడును. నడుమ చేరిన ఒక్క సెంటీమీటరు మెత్తదనము బలమును మూడవవంతునకు తగ్గించినది. రక్షణ దుస్తులన్నిటి రహస్యము ఇదియే. అవి దెబ్బను మాయచేయవు. దానిని కొంత కాలముపైనను, కొంత వైశాల్యముపైనను పంచిపెట్టును.

ఈ దుస్తులలో మొదటిది శిరస్త్రాణము, అనగా మనము వాడుకలో హెల్మెట్ అనునది. పై డిప్ప గట్టిగానుండి బలమును విశాలముగా పరచును. లోపలి పొర థర్మోకోలు జాతికి చెందిన నురుగు. అది తాను నలిగి తలను మెల్లగా ఆపును. ఐరోపాలో మంచు హెల్మెట్లకు ఇ.ఎన్. 1077 అను ప్రమాణము కలదు. దాని ప్రకారము కృత్రిమ శిరస్సునకు హెల్మెట్ తొడిగి మీటరున్నర ఎత్తునుండి పడవేయుదురు. అప్పుడు శిరస్సుపై బలము దాని బరువుకు 250 రెట్లు దాటరాదు. నార్వే దేశమున 8 స్కీ కేంద్రములలో 2002 శీతకాలమున గాయపడినవారిని, పడనివారిని పోల్చి వైద్యులు ఒక పరిశోధన చేసిరి. 2006లో ప్రకటించిన దాని ఫలితము ప్రకారము హెల్మెట్ ధరించినవారికి తలగాయపు అపాయము 60 శాతము తక్కువగా నుండెను. ఇటలీ దేశము 2005 నుండి పదునాలుగేండ్ల లోపు పిల్లలకు వాలుపై హెల్మెట్‌ను చట్టముచే విధించినది. 2022లో ఆ వయస్సును పదునెనిమిదికి పెంచినది.

దెబ్బ ఎప్పుడును తిన్నగా తగులదు. ఏటవాలుగా తగిలినపుడు తల గిఱ్ఱున తిరుగును. లోపలి మెదడు ఆ వేగము నందుకొనలేక సాగి నలుగును. దీనిని తగ్గించుటకు స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు హెల్మెట్ లోపల కొద్దిగా జారు పలుచని పొర నొకదానిని అమర్చు పద్ధతిని కనుగొనిరి. మిప్స్ అను పేర అది నేడు పెక్కు హెల్మెట్లలో కనిపించుచున్నది.

రెండవది మణికట్టు రక్షకము. స్నోబోర్డరు పాదములు రెండును పలకకు బిగింపబడియుండును గనుక, తూలినపుడు కాలు ముందుకు వేసి నిలదొక్కుకొను అవకాశము లేదు. ముందునకో వెనుకకో పడును. పడుచు చేయి చాచును. శరీరపు బరువంతయు ఆ యొక్క మణికట్టుపై పడును. కొత్తగా నేర్చువారిలో ఎక్కువగా విరుగు ఎముక అదియే. నార్వేలోని హాఫ్‌యెల్ అను స్థలమున 5,029 మంది స్నోబోర్డర్లను రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు రక్షకముల నిచ్చి, రెండవ జట్టుకు ఈయక పరీక్షించిరి. 2001లో ప్రకటించిన ఫలితము ప్రకారము రక్షకములు లేని జట్టులో 29 మణికట్టు గాయములు, ఉన్న జట్టులో 8 మాత్రమే కలిగినవి. కొంచెము వంగు బద్ద యొకటి అరచేతినుండి ముంజేతివరకు సాగి, మణికట్టు ఒక్కమారుగా వెనుకకు విరుచుకొనకుండ ఆపును. 2020లో ఈ వస్తువునకు అంతర్జాతీయ ప్రమాణము, ఐ.ఎస్.ఓ. 20320, ఏర్పడినది. ధర విషయమున ఇది హెల్మెట్ కంటె చౌక. కాని కొనువారు తక్కువ.

మూడవది వీపు కవచము. నాలుగవది తుంటికిని, వెన్నెముక చివరి ఎముకకును మెత్తలుగల లోనిలాగు. వెనుకకు పడిన స్నోబోర్డరు మొదట కూర్చుండబడును. ఆ యెముకపై తగిలిన దెబ్బ వారముల తరబడి కూర్చుండనీయదు. వీపు కవచములను సాధారణముగా మోటారుసైకిలువారికై ఏర్పరచిన పరీక్షలోనే నెగ్గించుదురు. అయిదు కిలోల దిమ్మె మీటరు ఎత్తునుండి పడినంత దెబ్బను కవచముపై వేసి, అడుగున ఎంత బలము చేరినదో కొలుతురు. సగటున 18 కిలోన్యూటన్లకు మించనిది మొదటి తరగతి. 9కి మించనిది రెండవ తరగతి. ఇచ్చట రెండవదియే మేలైనదని కొనువారు గుర్తుంచుకొనవలెను.

కవచమన్నంత మాత్రమున పూర్వకాలపు యోధుని ఇనుప తొడుగు స్ఫురించును. అట్టి బరువుతో గాలిలో తిరుగుట అసాధ్యము. నేటి మెత్తలు కొన్ని విచిత్రమైన పదార్థముతో చేయబడుచున్నవి. దాని స్వభావమును ఇంటిలోనే చూడవచ్చును. దుకాణములలో కార్న్‌ఫ్లోర్ అని అమ్ము మొక్కజొన్న గంజిపొడిని కొద్ది నీటితో చిక్కగా కలుపుడు. వ్రేలితో మెల్లగా ఒత్తిన లోనికి దిగును. పిడికిలితో ఠక్కున గుద్దిన రాయివలె నిలుచును. ఇట్టి గుణముగల పదార్థమును నురుగులో కలిపి దుస్తులలో అమర్చిరి. డి-త్రీ-ఓ అను పేర దీనిని 1999లో వెలువరించిన రిచర్డ్ పామర్ అను ఆంగ్లేయుడు తానే స్నోబోర్డరు. 2006 ట్యూరిన్ శీతకాల ఒలింపిక్సున అమెరికా, కెనడా స్కీ పందెగాండ్రు దీనితో చేసిన దుస్తులను ధరించిరి. నడచునపుడు మెత్తగను, దెబ్బ తగిలినపుడు గట్టిగను ఉండుట దీని విశేషము.

పైవస్త్రమును గూర్చియు ఒక మాట చెప్పవలెను. 1970 దశకమున నిగనిగలాడు నున్నని నైలాను స్కీ దుస్తులు వాడుకలోనికి వచ్చినవి. చూచుటకు అందముగా నుండెను. కాని పడినవాడు నిటారు వాలుపై ఆగలేక దిగువకు జారిపోవుచుండెను. అందుచే బట్టను గరుకుగా నేయవలసి వచ్చినది. దుస్తు యొక్క మెరుపు వేరు, దాని మేలు వేరు.

ఇంతవరకు కవచము చేయగల మేలు చెప్పితిమి. చేయలేనిది చెప్పకున్న మా వ్యాసము దుకాణదారుని ప్రకటన యగును. మోకాటిపై తగిలించుకొను మెత్త దెబ్బను ఆపును గాని, మోకాలు మెలిపడి లోపలి బంధనములు తెగుటను ఆపలేదు. స్కీ ఆటగాండ్రకు ఎక్కువగా కలుగు పెద్ద గాయము అదియే. అందులకు తోడ్పడునది బట్ట కాదు. తగినంత బలము పడగనే బూటును విడిచిపెట్టు స్కీ బిగింపు. దానిని బిడ్డ బరువుకు, ఎత్తుకు, నేర్పునకు సరిపోవునట్లు పనివానిచే సరిచేయింపవలెను. వీపు కవచము సూటిగా తగులు దెబ్బను ఆపును. వెన్నెముక విపరీతముగా వంగుటను ఆపజాలదు.

హెల్మెట్‌కును హద్దు కలదు. అమెరికా స్నోబోర్డరు కెవిన్ పియర్స్ 2009 డిసెంబరు 31న, ఒలింపిక్సునకు కొద్దివారములే యుండగా, హాఫ్‌పైప్ అభ్యాసములో పడెను. తలకు హెల్మెట్ ఉన్నది, ప్రాణము దక్కినది. అయినను మెదడునకు తగిలిన గాయముచే అతడు మరల పోటీలకు రాలేకపోయెను. కెనడా దేశపు సారా బర్క్ స్త్రీల హాఫ్‌పైప్ స్కీయింగునకు ఒలింపిక్సున చోటు కల్పింపవలెనని పాటుపడిన వీరవనిత. ఆమెయు హెల్మెట్ ధరించియే 2012 జనవరి 10న అభ్యాసములో పడెను. మెడలోని రక్తనాళము చినిగి తొమ్మిది దినములకు మరణించెను. ఆమె కోరిన పోటీ 2014లో ఒలింపిక్సున ప్రవేశించినది. చూచుటకు ఆమె లేకపోయెను. వీరి కథలు కవచము వ్యర్థమని చెప్పుటలేదు. అది ఒక హద్దువరకే తోడుగా వచ్చునని చెప్పుచున్నవి.

చిన్న దెబ్బయని అలక్ష్యము చేయరాదనుటకు మరియొక ఉదాహరణము కలదు. ఆంగ్ల నటి నటాషా రిచర్డ్‌సన్ 2009 మార్చిలో కెనడాలో, కొత్తవారు నేర్చు సులభమైన వాలుపై పడెను. హెల్మెట్ లేదు. లేచి మాటలాడెను, బాగుగనే యున్నానని చెప్పెను. కొన్ని గంటలలోనే పుఱ్ఱె లోపలి రక్తస్రావముచే పరిస్థితి విషమించి, రెండు దినములకు మరణించెను. బిడ్డ తలపై పడి లేచిన పిదప తలనొప్పి హెచ్చుచున్నను, వాంతియైనను, మగతగా నున్నను, మాట తడబడినను, అడిగినదే అడుగుచున్నను, ఆలస్యము చేయక ఆస్పత్రికి తీసికొనిపోవలెను. తలకు గట్టి దెబ్బ తగిలి తత్తరపడిన బిడ్డను ఆ దినమున మరల ఆటకు పంపరాదు.

కవచమునకు ముందు నేర్వవలసినది పడు విద్య. మంచి శిక్షకులు మొదటి దినముననే దీనిని నేర్పుదురు. ముందునకు పడునపుడు వ్రేళ్ళు చాపక పిడికిలి బిగించి, ముంజేతులపై బరువును పంచవలెను. వెనుకకు పడునపుడు గడ్డమును రొమ్మునకు ఆనించి, వీపును గుండ్రముగా చేసి దొర్లవలెను. చేయి చాచి నేలను ఆపజూచుటయే మణికట్టు విరుగుటకు మూలము. ఏరియల్స్ అభ్యసించువారు కొత్త పల్టీని మొదటనే మంచుపై వేయరు. వేసవిలో వాలుపైనుండి ఎగిరి నీటికొలనులో పడుచు, పలుమార్లు సరిగా వచ్చిన పిదపనే మంచునకు తెత్తురు. పెద్ద గాలిపరుపులపై దిగి అభ్యసించుటయు నేడు కలదు. గాలిసంచి దుస్తుల లోపలికే వచ్చినది: వేగముగా దిగు ఆల్పైన్ పందెములలో, పడునపుడు తనంత తానే ఉబ్బు చొక్కాను 2024–25 నుండి అంతర్జాతీయ సమాఖ్య తప్పనిసరి చేసినది. గాలిలో తలక్రిందులగుటయే ఆటయైన ఫ్రీస్టైల్‌లో మాత్రము, పల్టీ యేదో పడుట యేదో యంత్రము గుర్తించుట కష్టము.

ఇప్పుడు తల్లిదండ్రులతో ఒక ముఖ్యమైన సంగతిని మనసు విప్పి చెప్పదలచితిమి. మన యిండ్లలో పొదుపు గొప్ప గుణము. పిల్లవాని నిక్కరును రెండేండ్లు వచ్చునట్లు వదులుగా కుట్టించుదుము. అన్న చొక్కా తమ్మునికి, అక్క పరికిణీ చెల్లెలికి వచ్చును. అందులో సిగ్గుపడవలసినది లేదు. కాని రక్షణ దుస్తుల విషయమున ఈ రెండు అలవాట్లును ప్రమాదకరములు. వదులైన హెల్మెట్ పడినపుడు వెనుకకు జారి నుదుటిని విడిచిపెట్టును. పెద్దదియైన వీపు కవచము ప్రక్కకు తిరిగి వెన్నెముకను వదలిపెట్టును. నేడు సరిపోవునదే నేటి కవచము. ఎదిగిన పిదప సరిపోవునది కాదు. హెల్మెట్ తొడిగి పట్టీ బిగింపకముందే తల ఊపిన కదలరాదు. పట్టీకిని గడ్డమునకును నడుమ వ్రేలు దూరునంత సందు చాలును.

అటులనే, ఒక్కమారు గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌లోని నురుగు నలిగిపోయియుండును. అది మరల లేవదు. పైకి గీతయైనను కనపడకపోవచ్చును. అన్న పడి లేచిన హెల్మెట్ తమ్ముని తలపై పెట్టుట, నలిగిన గడ్డిలో కొత్త గాజులు సర్దుట వంటిది. కొనుటకు భారమైనచో నమ్మకమైన కేంద్రములో అద్దెకు తీసికొనుట మేలు. అప్పుడును డిప్పను, నురుగును, పట్టీని త్రిప్పి చూడవలెను.

ఇట్లు కవచములు తొడిగిన పిల్లలు మరింత తెగింతురేమో యని భయపడువారు కలరు. ఆ భయము నిరాధారము కాదు; కనుకనే దుస్తును చేతికిచ్చునపుడు మాటను కూడ ఇవ్వవలెను. ఇది నీకు కొత్త సాహసమునకు అనుమతి కాదు, నీవు నేర్చినదానిలో పొరపాటు జరిగినపుడు తోడు మాత్రమే యని బిడ్డకు చెప్పవలెను. భయముచే పిల్లలను ఇంటిలో కట్టివేయుట ఒక పొరపాటు. కవచము కొనియిచ్చితిమి గదా యని బాధ్యత తీరినదనుకొనుట రెండవ పొరపాటు. మొదటిది బిడ్డ ధైర్యమును చంపును. రెండవది బిడ్డను అపాయమున పడవేయును.

చివరగా మన వీధికి వత్తుము. ఉదయమున మన బడి వాకిట నిలిచి చూచిన, హెల్మెట్ ధరించిన తండ్రి వెనుక ఒట్టితలతో కూర్చుండిన పిల్లలు కనిపించుచున్నారు. నాలుగేండ్లు దాటిన ప్రతివారికిని ద్విచక్రవాహనముపై హెల్మెట్ ఉండవలెనని చట్టము చెప్పుచున్నది. తొమ్మిది నెలలు మొదలు నాలుగేండ్లవరకు గల పిల్లలకు హెల్మెట్‌తోబాటు పెద్దవారికి కట్టు రక్షణపట్టీయు ఉండవలెనని, వేగము గంటకు 40 కిలోమీటర్లు మించరాదని 2022లో కేంద్రప్రభుత్వము నియమము చేసినది. మంచు హెల్మెట్ మోటారు వాహనమునకు పనికిరాదు. దేని పరీక్ష దానిది. కాని సూత్రము ఒక్కటే. మీటరున్నర ఎత్తునుండి పడు తలకు మంచుకొండయేమి, మన బజారు రోడ్డేమి?

గుల్మార్గునకు పోవు బిడ్డ మన బడిలో ఏటికి ఒకడుండునో లేదో. స్కూటరుపై వచ్చు బిడ్డలు మాత్రము వందలు. రేపటి ఉదయమున తాళము చేతబట్టునపుడు, తండ్రి హెల్మెట్ ప్రక్కన బిడ్డ తలకు సరిపోవు చిన్న హెల్మెట్ ఒకటి వ్రేలాడుచున్నదా యని చూడుడు. లేకున్న, అది లేచి నిలువనేర్చిన దినమున ఆ బిడ్డకొరకు రోలు జరిపిన తల్లి చేయవలసిన పనిలో ఇంకను మిగిలినది.